ఫాదర్‌కే పరీక్ష పెట్టిన ఊరు

నాగసాకి అనగానే అణుబాంబు గుర్తొస్తుంది. కానీ ఆ ఊరికి అంతకంటే పాత కథ ఇంకోటి ఉంది. సముద్రాలు దాటి వచ్చిన క్రైస్తవ మిషనరీలను కొన్నాళ్లు నెత్తిన పెట్టుకుని, కొన్నాళ్లు శిలువ వేసి, ఆ తర్వాత ఏడు తరాలపాటు రహస్యంగా ఎదురుచూసిన కథ అది. ఆ వీధుల్లో తిరిగితే, విదేశీ ఫాదర్ల గురించి జపనీయుల మనసులో ఏముందో కొద్దికొద్దిగా తెలిసొస్తుంది.

నాగసాకి రైల్వేస్టేషన్ నుంచి బయటికొచ్చి ఓ ఐదు నిమిషాలు నడిస్తే నిషిజాకా కొండ వస్తుంది. కొండ అంటే పెద్దదేం కాదు, చిన్న గుట్ట. దానిమీద ఓ పార్కు. అందులో పొడవాటి గోడ. ఆ గోడకు వరసగా 26 కంచు విగ్రహాలు. ఒక్కరి పాదాలూ నేలకు ఆనవు. అందరూ గాల్లోకి లేస్తున్నట్టే ఉంటారు. వాళ్లలో ముగ్గురు మాత్రం పొట్టిగా కనిపిస్తారు. వాళ్లు పిల్లలు. అందరికంటే చిన్నవాడు లూయీ ఇబరాకి. వయసు పన్నెండేళ్లు.

1597 ఫిబ్రవరి 5న ఈ గుట్టమీదే ఆ 26 మందినీ శిలువలకు కట్టి, ఈటెలతో పొడిచి చంపారు. ఇరవై మంది జపనీయులు. ఆరుగురు విదేశాల నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు. ఆ ఆరుగురిలో ఒకడు మనవాడే! పేరు గొన్సాలో గార్సియా. పుట్టింది ముంబయికి దగ్గర్లోని వసాయిలో. తండ్రి పోర్చుగీసు, తల్లి ఇక్కడి మనిషి. జపాన్ భాష గలగలా మాట్లాడేవాడు కాబట్టి, ఆ దేశాన్ని ఏలుతున్న హిదెయోషి దగ్గరికి వెళ్లిన ఫాదర్లకు దుబాసీగా ఉండేవాడు. 1862లో పోప్ ఈ 26 మందినీ పునీతులుగా ప్రకటించారు. అలా మనదేశంలో పుట్టి పునీతుడైన మొదటి వ్యక్తి గొన్సాలో.

ఇంతకీ వీళ్లు చేసిన నేరమేమిటి? అది తెలియాలంటే ఓ యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బుద్ధుడి దేశం నుంచి వచ్చారనుకుని...

1549 ఆగస్టు 15న ఫ్రాన్సిస్ జేవియర్ నాగసాకికి దక్షిణంగా ఉన్న కగోషిమా రేవులో దిగాడు. ఆయన బయల్దేరింది మన గోవా నుంచి. ఇప్పుడు ఆయన భౌతికకాయం ఉన్నది కూడా గోవాలోని బామ్ జీసస్ చర్చిలోనే. వెంట వచ్చిన అంజిరో అనే జపనీయుడు కూడా గోవాలోనే బాప్తిస్మం తీసుకున్నాడు.

జపనీయులకు భారతదేశం అంటే ‘తెంజికు’. అంటే బుద్ధుడు పుట్టిన నేల. అక్కడి నుంచి ఓ సన్యాసి వచ్చాడంటే ఇంకేం కావాలి! జేవియర్ కూడా బౌద్ధంలోని కొత్త శాఖ ఏదో చెబుతున్నాడనే అనుకున్నారు చాలామంది. దానికి తోడు అంజిరో చేసిన అనువాదం ఒకటి. దేవుడు అనే మాటకు అతను ‘దైనిచి’ అని వాడాడు. దైనిచి అంటే మహావైరోచన బుద్ధుడు! దాంతో బౌద్ధ భిక్షువులు ‘మనమాటే చెబుతున్నాడు’ అని సంతోషించారు. పొరపాటు తెలిశాక జేవియర్ ఆ పదాన్ని వదిలేసి ‘దేవుసు’ అనే లాటిన్ మాటనే పట్టుకున్నాడు. అయినా 1552లో యమగుచి ప్రభువు ఫాదర్లకు స్థలమిస్తూ రాయించిన పత్రంలో ‘బౌద్ధధర్మ వ్యాప్తి కోసం పశ్చిమం నుంచి వచ్చిన భిక్షువులు’ అనే ఉంది.

ఫాదర్లలోనూ రెండు రకాలవాళ్లు ఉండేవారు. జపనీయులంటే చిన్నచూపున్న ఫ్రాన్సిస్కో కబ్రాల్ లాంటివాళ్లు ఒకవైపు. ‘ఇక్కడ బతకాలంటే వీళ్ల భాష రావాలి, వీళ్లలాగే కూర్చోవాలి, వీళ్లలాగే తినాలి, శుభ్రంగా ఉండాలి’ అని పట్టుబట్టిన వలిగ్నానో ఇంకోవైపు. 1579లో వచ్చిన వలిగ్నానో జపాన్ మర్యాదల మీద ఏకంగా ఓ నియమావళే రాశాడు. జనం ఎవరి మాట విన్నారో వేరే చెప్పాలా!

మనిషి వెనక ఓడ

అయితే ఫాదర్ ఒక్కడే రాలేదు. ఆయన వెనకే పోర్చుగీసు ఓడలు వచ్చాయి. ఆ ఓడల్లో చైనా పట్టు, తుపాకులు ఉన్నాయి. ‘ఫాదర్‌ను మంచి చేసుకుంటే ఓడ మన రేవుకే వస్తుంది’ అన్న లెక్క సామంతరాజులకు త్వరగానే అర్థమైంది. కగోషిమాలో జేవియర్‌ను ఆదరించిన ప్రభువే, ఓడలు వేరే రేవుకు వెళ్లాయని తెలియగానే మతం మారొద్దని ఆజ్ఞ వేశాడు. ఒమురా సుమితద అనే ప్రభువు 1563లో తనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన ఏలుబడిలోని చిన్న పల్లెకారుల రేవే నాగసాకి. 1571 నుంచి అక్కడికి పోర్చుగీసు ఓడలు రావడం మొదలైంది. 1580లో ఆయన ఊరు ఊరంతా జెసూట్ ఫాదర్లకు రాసిచ్చేశాడు.

దేశాన్ని ఏకం చేస్తున్న హిదెయోషికి ఇది కంట్లో నలుసైంది. తన దేశంలో ఓ రేవు విదేశీ సన్యాసుల చేతిలో ఉండటమేమిటి? 1587లో ఆయన ఫాదర్లను కొన్ని ప్రశ్నలు అడిగించాడు. జనాన్ని బలవంతంగా మతం ఎందుకు మారుస్తున్నారు? గుళ్లెందుకు కూలగొట్టిస్తున్నారు? మాకు సాయం చేసే ఎద్దులనూ గుర్రాలనూ ఎందుకు తింటున్నారు? మీ వర్తకులు మా మనుషులను బానిసలుగా ఎందుకు కొనుక్కుపోతున్నారు? ఆ వెంటనే ఫాదర్లు దేశం విడిచి పోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. వర్తకులు మాత్రం నిక్షేపంగా రావచ్చట! ఆ ఉత్తర్వు గట్టిగా అమలు కాకపోవడానికి కారణం కూడా ఆ వర్తకమే.

1596లో స్పెయిన్ ఓడ ఒకటి జపాన్ తీరంలో చిక్కుకుంది. ‘మా రాజు ముందు ఫాదర్లను పంపుతాడు, వెనక సైన్యాన్ని పంపుతాడు’ అని ఆ ఓడ చుక్కానిదారు గొప్పలు పోయాడంటారు. అతను నిజంగా ఆ మాట అన్నాడా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కానీ దాని ఫలితం మాత్రం నిషిజాకా గుట్టమీద కనిపిస్తుంది. క్యోటోలో పట్టుకున్నవాళ్లకు ఎడమచెవి కోసి, నడిచలిలో నెల రోజులు నడిపించి ఇక్కడికి తెచ్చారు.

1614లో షోగున్ ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించింది. అప్పటికి జపాన్‌లో క్రైస్తవులు దాదాపు మూడు లక్షలని అంచనా. ఆ తర్వాత వచ్చిందే ‘ఫుమియె’. క్రీస్తు బొమ్మో, మరియమాత బొమ్మో ఉన్న పలకను నేలమీద పెట్టి తొక్కమనేవారు. నాగసాకిలో ఏటా కొత్త సంవత్సరంలో ఇదో తంతు. తొక్కనివాడు దొరికిపోయినట్టే. రహస్య క్రైస్తవులు పగలు బొమ్మను తొక్కి, రాత్రి ఇంటికొచ్చి క్షమించమని ప్రార్థన చేసుకునేవారు.

నాగసాకి ట్రామ్ ఎక్కి దక్షిణంగా వెళితే డెజిమా వస్తుంది. ఇప్పుడు చుట్టూ నేల కనిపిస్తుందిగానీ, ఒకప్పుడు అది సముద్రంలో కట్టిన బుల్లి ద్వీపం. పోర్చుగీసులను ఊళ్లో తిరగనివ్వకుండా కట్టడి చేయడానికి 1636లో కట్టారు. మూడేళ్లకే వాళ్లను దేశం నుంచే వెళ్లగొట్టారు. 1641లో ఆ ద్వీపంలోకి డచ్చివాళ్లను తెచ్చిపెట్టారు. వాళ్లూ క్రైస్తవులే! కాకపోతే మతం ఊసెత్తకుండా వ్యాపారం చేసుకున్నారు. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా జపాన్‌లో యూరప్‌వాళ్లకు తెరిచి ఉంచిన కిటికీ అదొక్కటే.

పోర్చుగీసులు పోయినా వాళ్ల మాటలు మాత్రం పోలేదు. రొట్టెను ఇప్పటికీ ‘పాన్’ అంటారు. చొక్కా గుండీని ‘బొతాన్’ అంటారు. మన ‘బొత్తాం’ కూడా ఆ పోర్చుగీసు మాట నుంచి వచ్చిందే మరి!

ఒంటరిగా వచ్చినవాడు

ఓడల అండ లేకుండా వస్తే? అలా వచ్చినవాడూ ఒకడున్నాడు. ఇటలీకి చెందిన సిదోత్తి 1708లో సమురాయ్ వేషం వేసుకుని ఒంటరిగా తీరం దిగాడు. వెంటనే పట్టుకుని రాజధాని ఎదోకు, అంటే ఇప్పటి టోక్యోకు తరలించారు. ఆయన్ను ప్రశ్నించింది అరాయ్ హకుసెకి అనే గొప్ప పండితుడు. సిదోత్తి చెప్పిన భూగోళం, ఖగోళం విని హకుసెకి ముచ్చటపడ్డాడు. మతం సంగతి వచ్చేసరికి ‘ఇంత తెలివైనవాడు ఇలాంటివి ఎలా నమ్ముతున్నాడు!’ అని విస్తుపోయాడు. చంపొద్దు, వెనక్కి పంపేయడమే మేలు అని షోగున్‌కు సలహా ఇచ్చాడు. కానీ సిదోత్తిని జైల్లోనే ఉంచేశారు. తనకు సేవచేసే దంపతులకు బాప్తిస్మం ఇచ్చాడని తెలిసి నేలమాళిగలోకి నెట్టారు. 1714లో అక్కడే చనిపోయాడు. మూడు వందల ఏళ్లకు, 2014లో టోక్యోలో ఓ భవనం కోసం తవ్వుతుంటే ఆయన ఎముకలు బయటపడ్డాయి.

మనిషిమీద గౌరవం, అతను తెచ్చిన చదువుమీద ఆసక్తి, అతని మతంమీద అనుమానం... హకుసెకిలో కనిపించిన ఈ మూడూ జపాన్‌లో ఆ తర్వాత కూడా కలిసే నడిచాయి.

‘మరియమాత బొమ్మ ఎక్కడ?’

డెజిమా నుంచి ఇంకాస్త దక్షిణంగా వెళితే ఓవురా చర్చి. రాతిమెట్లు ఎక్కాలి. పైన తెల్లటి మరియమాత విగ్రహం, దాని వెనక చర్చి. జపాన్ తలుపులు తెరిచాక, నాగసాకిలో ఉండే విదేశీయుల కోసం ఫ్రెంచి ఫాదర్లు కట్టిన చర్చి ఇది. జపనీయులకు మాత్రం నిషేధం ఇంకా తొలగలేదు. అయినా ‘ఫ్రాన్స్ గుడి’ అంటూ జనం విరగబడి చూడటానికి వచ్చేవారు.

1865 మార్చి 17న అలా వచ్చినవాళ్లలో పక్కనే ఉన్న ఉరకామి గ్రామస్థులు పది పదిహేనుమంది ఉన్నారు. వాళ్లలో ఒకామె ఫాదర్ పెటిజాన్ దగ్గరికొచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని గొంతు తగ్గించి చెప్పింది. ఆ వెంటనే అడిగింది... మరియమాత బొమ్మ ఎక్కడ అని. పెటిజాన్ నివ్వెరపోయాడు. రెండున్నర శతాబ్దాలుగా ఫాదర్ అనేవాడు లేకుండా వీళ్లు బతికున్నారా!

అయితే వాళ్లు గుడ్డిగా నమ్మేయలేదు. ‘ఏడు తరాల తర్వాత నల్ల ఓడల్లో ఫాదర్లు వస్తారు’ అని వాళ్ల పెద్దలు చెప్పిపోయారు. వచ్చినవాడు అసలువాడా కాదా అని తేల్చుకోవడానికి గుర్తులు కూడా ఉన్నాయి. మరియమాతను కొలవాలి. రోమ్‌లోని పోప్ మాట వినాలి. పెళ్లాం ఉండకూడదు. ఈ పరీక్షలన్నీ పాసయ్యాకే పెటిజాన్ వాళ్లకు ఫాదరయ్యాడు.

కానీ ఆ సంతోషానికి పెద్ద మూల్యమే చెల్లించాల్సి వచ్చింది. ఫాదర్ దొరికాడన్న ధైర్యంతో ఉరకామి జనం తమ మతాన్ని బయటపెట్టారు. మొత్తం 3,394 మందిని ప్రభుత్వం ఊరు ఖాళీ చేయించి పరాయి ప్రాంతాలకు తోలేసింది. వాళ్లలో ఆరు వందల మందికి పైగా తిరిగి రాలేదు. మిగిలినవాళ్లు 1873లో నిషేధం తొలగాక ఇల్లు చేరారు. ఆ ప్రవాసాన్ని వాళ్లు ‘ప్రయాణం’ అనేవారు. అంతే! దానికి ఇంకో పేరు పెట్టలేదు.

అదే ఉరకామిలో...

తిరిగొచ్చినవాళ్లు చేసిన మొదటి పెద్దపని, ఏ గ్రామాధికారి ఇంట్లో అయితే తమచేత ఫుమియె తొక్కించేవారో ఆ స్థలాన్నే కొనడం. 1895లో అక్కడే చర్చి కట్టడం మొదలుపెట్టారు. పూర్తవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1945 ఆగస్టు 9న అణుబాంబు పేలింది ఆ చర్చికి అర కిలోమీటరు దూరంలో! ఉరకామిలోని 12 వేల మంది క్రైస్తవుల్లో సుమారు 8,500 మంది పోయారు. మిషనరీలను పంపిన పడమటి దేశాల నుంచే ఆ బాంబూ వచ్చింది.

బాంబు పడేనాటికి నగరంలో కొండచాటున ఉన్న ఓ మఠం మాత్రం నిలబడింది. దాన్ని కట్టింది పోలెండ్ ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బే. 1930 నుంచి 1936 వరకు ఇక్కడున్నాడు. తర్వాత ఆష్విట్జ్‌లో తోటి ఖైదీకి బదులుగా తను చనిపోయాడు. ఆయనతో వచ్చిన బ్రదర్ జీనో జపాన్‌లోనే ఉండిపోయి, యుద్ధంలో అనాథలైన పిల్లలను చేరదీశాడు.

ఉరకామి చర్చిని 1959లో మళ్లీ కట్టారు. బాంబు ధాటికి పగిలిపోయిన చిన్నగంట స్థానం మాత్రం దశాబ్దాలపాటు ఖాళీగానే ఉండిపోయింది. అమెరికా క్యాథలిక్కులు చందాలు వేసుకుని కొత్త గంట చేయించారు. 2025 ఆగస్టు 9న, సరిగ్గా ఎనభై ఏళ్లకు, ఆ రెండు గంటలూ కలిసి మోగాయి.

పెళ్లికి చర్చి, చదువుకు కాన్వెంటు

ఇప్పుడు జపాన్ జనాభాలో క్రైస్తవులు నూటికి ఒక్కరు. అలాగని మిషనరీలు పెట్టిన సంస్థలంటే ఇష్టం లేదా అంటే, కాదు. జెసూట్లు 1913లో టోక్యోలో స్థాపించిన సోఫియా విశ్వవిద్యాలయంలో సీటంటే గొప్ప. మాజీ మహారాణి మిచికో చదివింది కూడా క్యాథలిక్ సన్యాసినుల సేక్రెడ్ హార్ట్‌లోనే. పెళ్లి తెల్లగౌనులో, చర్చిలాంటి హాల్లో చేసుకోవడం ఇప్పటి ఫ్యాషన్. అక్కడ ఫాదర్‌గా నిలబడే తెల్లాయన చాలాసార్లు ఫాదరే కాదు, పార్ట్‌టైమ్ ఉద్యోగి! బిడ్డ పుడితే షింటో గుడికి, మనిషి పోతే బౌద్ధ గుడికి. తలుపు తట్టి మతం గురించి చెప్పేవాళ్లకు మాత్రం వినయంగా వంగి ‘మాకొద్దండీ’ అంటారు. 1995లో ఓం షిన్‌రిక్యో ముఠా టోక్యో మెట్రోలో విషవాయువు వదిలాక ఆ జంకు మరింత పెరిగింది.

డోరో సామా సేమ్యా

నాగసాకి నుంచి బస్సులో గంటకు పైగా వెళితే సొతోమె. ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. రాళ్ల నేల, బీద ఊళ్లు. మిషనరీల హింసాకాలాన్ని ‘చిన్మొకు’ నవలగా రాసిన షుసాకు ఎండో పేరుమీద ఇక్కడో మ్యూజియం ఉంది.

1879లో ఈ పల్లెలకు మార్క్ ద రో అనే ఫ్రెంచి ఫాదర్ వచ్చాడు. చర్చి ఒక్కటే కట్టి ఊరుకోలేదు. రోడ్డు వేయించాడు. మందులిచ్చాడు. మంత్రసానులకు శిక్షణ ఇప్పించాడు. మగదిక్కు లేని ఆడవాళ్లకు నేత, రొట్టెల తయారీ, వేరుసెనగ నూనె రాసి సన్నటి సేమ్యా చేయడం నేర్పాడు. తండ్రి ఆస్తినంతా ఇందుకే ఖర్చుపెట్టాడు. 1914లో పోయేదాకా ఒక్కసారి కూడా సొంతదేశం వెళ్లలేదు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరను తలచుకున్నట్టు, ఇక్కడ ఆయన్ను ‘డోరో సామా’ అంటారు. ఆ పేరుతోనే సేమ్యా ఇప్పటికీ అమ్ముతారు. కొనేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు.

అదే సొతోమెలో అందరూ ఫాదర్ల వెంట నడవలేదు. ‘మా తాత ముత్తాతలు చెప్పిందే మాకు మతం’ అంటూ కొందరు తమ రహస్య ప్రార్థనలతోనే ఉండిపోయారు. వాళ్లకు ఓ గుడి ఉంది. పేరు కరెమత్సు. అడవిలో, చూడటానికి అచ్చంగా షింటో గుడే. కానీ అందులో కొలిచేది సాన్ జివాన్ అనే విదేశీ ఫాదర్‌ను! దారిలో ఉన్న పెద్ద బండచాటునే ఆ రోజుల్లో రాత్రిళ్లు ప్రార్థనలు నేర్చుకునేవారు.

2000 సంవత్సరం నుంచి ఏటా ఆ గుడి దగ్గర ఓ ఉత్సవం చేస్తున్నారు. క్యాథలిక్కులు వస్తారు. రహస్య క్రైస్తవుల వారసులు వస్తారు. ఒకప్పుడు వాళ్లను కడుపులో పెట్టుకుని కాపాడిన బౌద్ధులూ వస్తారు. ఏ ఓడలో వచ్చాడో, ఏ రాజు పంపాడో ఎవరికీ అక్కర్లేదు. సాన్ జివాన్ ఇప్పుడు ఆ ఊరివాడు.

ఇలా వెళ్లొచ్చు

ఫుకువోకాలోని హకాతా స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో తకెవొ ఒన్సెన్ వరకు వెళ్లి, అక్కడ 2022లో మొదలైన నిషి క్యుషు బుల్లెట్ రైలు ఎక్కితే నాగసాకి చేరుకోవచ్చు. ఊళ్లో తిరగడానికి ట్రామ్‌లు ఉన్నాయి. ఓవురా చర్చి, సొతోమె పల్లెలు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన 12 ప్రదేశాల్లో ఉన్నాయి.