సారమేయ రోదనము



మహాభారతం ఆదిపర్వంలో, కథ ఇంకా కౌరవపాండవుల దాకా రాకముందే, ఒక కుక్కపిల్ల ఏడుస్తుంది. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవారు. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తూండగా, సరమ అనే దేవశుని కొడుకు ఆ యాగశాలకు పోతాడు. రాజుగారి తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ పిల్లను కొడతారు. అది ఏడ్చుకుంటూ తల్లి దగ్గరకు పోతుంది. తల్లి మొదట చేసిన పని, ఎందుకు ఏడుస్తున్నావని అడగడం. సంగతి విన్న తరువాతే రాజును నిలదీసింది, ఊహించని భయం కలుగుగాక అని శపించింది. నన్నయగారు ఈ ఘట్టాన్ని విడువకుండా తెనిగించినారు. సరమ సంతానం కనుకనే కుక్కకు సారమేయమని పేరు.

పిల్ల ఏడుపు మానాలంటే ఎందుకేడుస్తున్నదో ముందు తెలుసుకోవాలన్న మాట ఈ కథలో ఉన్నదని నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వచ్చినాను. చెప్పిన మాటను చేసి చూడవలసిన అవసరం మాత్రం ఒక పుష్యమాసంలో వచ్చింది.

మా ఇల్లు రాజమహేంద్రవరంలో ఒక పాత వీథిలో ఉన్నది. రెండు వాటాల ఇల్లు. ఒక వాటాలో నేనూ మా శ్రీమతీ, రెండవదానిలో రైల్వేలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషీ ఆయన భార్యా ఉంటాము. మధ్యన ఒకటే గోడ. వీథి చివర ఇసుకకుప్ప మీద ఒక ఊరకుక్క నాలుగు పిల్లలను పెట్టింది. వాటికి రెండు నెలలు నిండుతూండగా తల్లి లారీ కింద పడి పోయింది. రెండు పిల్లలను ఎవరో తీసుకుపోయినారు. ఒకటి చలికి చచ్చిపోయింది. మిగిలిన దానిని మా శ్రీమతి కొంగులో చుట్టుకొని తీసుకువచ్చింది.

పగలంతా అది బంగారుతండ్రి. రాత్రి తొమ్మిది దాటి దీపాలు ఆర్పగానే మొదలు. ముందు సన్నని మూలుగు, తరువాత కుంయ్ కుంయ్ మని సాగదీత, ఆపైన మెడ ఎత్తి దీర్ఘం. ఆ దీర్ఘానికి ప్లుతమనే పేరే తగినదని నాకు తోచింది. మూడు మాత్రలకు తక్కువ లేదు.

రెండవ రాత్రి గడిచిన తెల్లవారి పక్కవాటా ఆయన గుమ్మంలో నిలబడినారు.

"మాస్టారూ, మీకు చెప్పేటంతవాణ్ణి కాను. మా ఆవిడకు మోకాలి ఆపరేషనై పన్నెండు రోజులైంది. మందు వేసుకుంటే గాని కునుకు పట్టదు. ఆ పట్టిన కునుకు కూడా దీని కూతకు ఎగిరిపోతోందండీ."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పడం నాకు సులభమయ్యేది. "అయిదు రాత్రులు ఓర్చుకోండి. అప్పటికీ మానకపోతే దీన్ని ఇక్కడ ఉంచను" అన్నాను. ఆ మాట లోపలి నుండి మా శ్రీమతి విన్నది. ఉంచకపోతే ఎక్కడికి పంపుతామో ఇద్దరికీ తెలుసు. ఊరకుక్కపిల్లను పెంచుకొంటామని వచ్చేవారు అరుదు. గోదావరి రేవు దగ్గర వదలిపెట్టడమొకటే మిగిలిన దారి. ఆ ఈదురుగాలిలో తల్లిలేని పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఇక సలహాలు. బెంగుళూరు నుండి మా అబ్బాయి ఫోనులో, "నాన్నగారూ, మూడు రాత్రులు పెరటి గదిలో పెట్టి తలుపు వేసేయండి. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది" అన్నాడు. పాలు పోసే అమ్మాయి, "ఇటుక పొయ్యిమీద ఎచ్చజేసి గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టండి అయ్యగారూ, తల్లనుకుంటాది" అన్నది.

ఇద్దరి మాటలూ ఆలోచించినాను. అబ్బాయి మాట వినగానే నాకు పాత వసతిగృహం గుర్తుకు వచ్చింది. నేను పన్నెండేళ్ళు ఒక వసతిగృహానికి వార్డెనుగా ఉన్నాను. ఏటా జూన్ నెలలో ఆరవ తరగతి పిల్లలు కొత్తగా చేరేవారు. రాత్రి దీపాలు ఆర్పిన తరువాత ఒక మూల నుండి ఎక్కిళ్ళు మొదలై నాలుగు మూలలకూ పాకేవి. నాతో పనిచేసిన ఒకాయన బెత్తంతో బల్ల మీద కొట్టి కేకవేసేవారు. వెంటనే నిశ్శబ్దం. కాని తెల్లవారి చూస్తే తలగడలు తడిసి ఉండేవి. శబ్దం ఆగింది గాని ఏడుపు ఆగలేదు. అక్కడే ఒక ముసలి కావలివాడు ఉండేవాడు. అతడు పిల్లలతో ఏమీ మాట్లాడేవాడు కాదు. చేతికర్రను నేలకు మెల్లగా ఆనించుకుంటూ, నడుమ నడుమ చిన్నగా దగ్గుతూ, మంచాల నడుమ అటూ ఇటూ నడిచేవాడు. ఒకరున్నారని తెలిస్తే చాలు, పిల్లలు నిద్రపోయేవారు. వారం పది రోజులకు ఆ నడక అవసరం కూడా తీరిపోయేది.

కుక్కపిల్ల సంగతి కూడా అంతే. పుట్టినప్పుడు దానికి కళ్ళూ తెరుచుకోవు, చెవులూ వినబడవు. రెండు వారాలకు కళ్ళు విచ్చుతాయి. తొలి వారాలలో ఒంటి వేడిని తానే నిలుపుకొనలేదు. అందుకే పిల్లలన్నీ ఒకదానిమీదొకటి కుప్పగా పడుకొంటాయి. వేరుపడిన పిల్ల మూలిగితే తల్లి వినాలని ప్రకృతి పెట్టిన ఏర్పాటు ఆ ఏడుపు. అది మొండితనం కాదు, తల్లికి పెట్టుకొన్న అర్జీ. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కలను ఏళ్ళ తరబడి పెంచి పరిశీలించి 1965లో గ్రంథం ప్రకటించినారు. మూడవ వారం మొదలు పన్నెండవ వారం దాకా పిల్ల తనవారెవరో నేర్చుకొనే కాలమని అందులోని ముఖ్యమైన మాట. మా పిల్ల సరిగా ఆ కాలం మధ్యన ఉన్నది.

పంచాంగం కూడా ఇందుకు సాక్ష్యం చెబుతున్నది. మన ఊరకుక్కలు ఎక్కువగా జతకూడేది భాద్రపదంలో. గర్భం దాదాపు 63 రోజులు. అంటే పిల్లలు పుట్టేది కార్తీకంలో. రెండు నెలలు నిండి తల్లికి దూరమయ్యేది పుష్యమాసంలో, చలి ముదిరిన రాత్రులలో. కనుక మన ప్రాంతంలో కుక్కపిల్ల రాత్రి ఏడుస్తున్నదంటే ఒంటరితనమూ చలీ రెండూ కలిసి ఏడిపిస్తున్నాయన్నమాట. పాలమ్మాయి ఇటుక మాట శాస్త్రానికి దూరం కాదు.

అందుచేత ఇలా చేసినాము. మేదరి బుట్టలో గోనెపట్టా పరచి, దానిమీద మా శ్రీమతి పాత నూలుచీర మడతపెట్టినాము. ఇసుకకుప్ప దగ్గర తల్లికుక్క పడుకొన్న గోనెముక్క ఇంకా అక్కడే ఉంటే దులిపి తెచ్చి అడుగున వేసినాము, ఆ వాసన దానికి పరిచితం కనుక. ఇటుక కాలుతుందేమోనన్న భయంతో, వేడినీటి రబ్బరుసంచిని తువాలులో చుట్టి ఒక పక్కన పెట్టినాము. వేడెక్కితే తొలగిపోవడానికి రెండవ పక్క ఖాళీ ఉంచినాము. బుట్టను నా మంచం పక్కనే, చేయి చాస్తే అందేటట్లు ఉంచినాను.

రాత్రి ఏడింటికి ఆఖరి తిండి: మెత్తగా పిసికిన అన్నం, ఉడికించిన గుడ్డు. ఆవుపాలు గిన్నెడు పోయవద్దు. చాలా పిల్లలకు అవి అరగక విరేచనాలవుతాయి, ఆ బాధకు మళ్ళీ ఏడుపు. పడుకొనే ముందు కాసేపు ఆడించి, పది గంటలకు పెరట్లోకి తీసుకువెళ్ళి మూత్రం పోయించి తేవాలి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకొనలేదు. ఒంటిగంటకు, నాలుగు గంటలకు లేచేటట్లు అలారం పెట్టుకొన్నాను. ఈ వయస్సులో నాకూ ఆ వేళల్లో లేవడం అలవాటే గనుక అందులో త్యాగమేమీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటున్నది. రాత్రి అది మూలిగినప్పుడు జవాబు ఇవ్వాలి గాని వినోదం కూర్చకూడదు. దీపం వేయకూడదు, ముద్దుమాటలు ఆడకూడదు, తిండి పెట్టకూడదు. అలా చేస్తే, ఏడిస్తే ఆట మొదలవుతుందని అది నేర్చుకొంటుంది. ఊరక చేయి కిందికి దించి బుట్టలో ఉంచాలి. కావలివాడి దగ్గు చేసిన పని అదే.

మొదటి రాత్రి ఆరుసార్లు ఏడ్చింది. రెండవ రాత్రి నాలుగుసార్లు. మూడవ రాత్రి రెండుసార్లే, అదీ పెరట్లోకి పోవడానికి. నాలుగవ రాత్రి తెల్లవారితే భోగి. నాలుగింటికి వీథి కుర్రాళ్ళు మంట వేసి డప్పులు వాయించేసరికి పిల్ల బెదిరిపోయి, ఇంతకు ముందెన్నడూ ఎరుగని స్థాయిలో గొంతెత్తింది. గడువు అంతటితో చెల్లిపోయిందనే అనుకొన్నాము. మా శ్రీమతి దానిని ఒళ్ళో పెట్టుకొని చీకటిలో కూర్చున్నది. "రేపు కూడా ఇంతే అయితే, నన్ను కూడా దీనితో పాటు రేవుకు పంపండి" అన్నది. నవ్వుతూ అన్నదో కాదో ఆ చీకటిలో నాకు కనబడలేదు. అయిదవ రాత్రి అది ఒక్కసారి మూలిగి, నా వేలు మూతితో తాకి చూసుకొని, తెల్లవారే దాకా లేవలేదు.

ఆ ఉదయం పక్కవాటా ఆవిడ వాకరు పట్టుకొని మెల్లగా మా గుమ్మం దాకా వచ్చింది. ఆపరేషను తరువాత ఆవిడ ఇల్లు దాటడం అదే మొదలు. "రాత్రి దాని చప్పుడే లేదండీ పిన్నిగారూ. బాగానే ఉందా? ఏమైందోనని నాకు నిద్రపట్టలేదు" అన్నది. మా శ్రీమతి బుట్టతో సహా తెచ్చి చూపించింది.

తరువాత బుట్టను రెండు రోజులకొకసారి జానెడు చొప్పున జరుపుతూ గుమ్మం దాకా, అక్కడి నుండి వసారాకు చేర్చినాము. తొందరపడితే మొదటికి వస్తుంది.

ఇంకొక రెండు మాటలు. అన్ని ఏడుపులూ ఒంటరితనానివి కావు. తిండి మానివేసినా, వాంతులయినా, రక్తవిరేచనాలయినా, పొట్ట ఉబ్బినా బుట్ట జరిపి ఓదార్చడం కాదు, వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. పార్వో అనే జబ్బు చిన్నపిల్లలను ఒకటి రెండు రోజులలోనే పొట్టనబెట్టుకొంటుంది. దాని టీకా ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి వేయించాలి. నులిపురుగుల మందు అంతకు ముందు నుండే పట్టించాలి. మూడు నెలలకు రేబీస్ టీకా. ఈలోగా పిల్ల పళ్ళు గాని గోళ్ళు గాని గీరుకొంటే, చిన్నపిల్లే కదా అని ఊరుకోవద్దు. సబ్బుతో ధారగా పారే నీటికింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. ఆ వారంలో మా శ్రీమతి మణికట్టు మీద సన్నని గీత పడింది. సంక్రాంతి పిండివంటలు పొయ్యి మీద ఉన్నా సరే దింపించి తీసుకువెళ్ళినాను.

మీలో ఎవరి వీథిలోనైనా కార్తీకంలో పిల్లలు పుట్టి ఉంటే, పుష్యమాసానికి ఒక మేదరి బుట్ట, ఒక పాత నూలుచీర సిద్ధంగా ఉంచుకొనవలసినదిగా మనవి. చీర ఉతికినది కాకపోతే మరీ మంచిది.