ఆ తప్పులో 'మనం' లేదు

ఈరోజు మిర్చి రేటు గురించి కాదు, స్పానిష్ వ్యాకరణం గురించి రాస్తున్నా. నవ్వకండి, చివరికి మన కల్లం దగ్గరకే వస్తా.

మా చిన్నమ్మాయి ఉద్యోగం కోసం స్పానిష్ నేర్చుకుంటోంది. మొన్న రాత్రి వరండాలో కూర్చుని ఏదో వల్లె వేస్తుంటే ఏందమ్మా అది అని అడిగా. "జరిగి ఉండాల్సింది జరగలేదని చెప్పే క్రియ నాన్నా. మనం 'అమ్మి ఉండేవాణ్ణి' అంటామే, అది" అంది.

లెక్క సులువే, రెండు ముక్కలు. మొదటిది ఎవరో చెబుతుంది. నేను అయితే అబ్రియా, నువ్వు అయితే అబ్రియాస్, అతనైనా ఆమైనా మళ్ళీ అబ్రియా. మేము అన్నా మనం అన్నా అబ్రియామొస్. స్పెయిన్‌లో మీరంతా అనడానికి అబ్రియాఇస్, వాళ్ళు అయితే అబ్రియాన్. రెండోది పని. కొనడం కొంప్రార్, చివర ఆర్ తీసి ఆదో పెడితే కొంప్రాదో. అమ్మడం బెందేర్, బతకడం బిబీర్. ఈ ఏర్, ఈర్ తీసి ఈదో పెడితే బెందీదో, బిబీదో. మనకు 'ఉండేవాణ్ణి', 'ఉండేదాన్ని' అని ఆడా మగా తేడా ఉంది. వాళ్ళకు ఇక్కడ అది లేదు.

"మన సంగతి ఒకటి చెప్పు నాన్నా, స్పానిష్‌లో రాస్తా" అంది.

"ఏసీలో పెట్టి ఉంటే మంచి రేటుకు అమ్మి ఉండేవాళ్ళం" అన్నా. నాలుగేళ్ళ కిందటి మాట. ముప్పై టిక్కీలు యార్డుకు తోలి ఆరోజు రేటుకే ఇచ్చేశా. రెండు నెలలకు రేటు పెరిగింది.

అమ్మాయి 'అబ్రియామొస్ బెందీదో' అని రాసి ఆగింది. "నాన్నా, ఇక్కడ మనమా, నువ్వా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

ఏసీలో పెడదామని మా ఆవిడ అప్పుడు రెండుసార్లు చెప్పింది. అప్పు ఇచ్చినాయన ఇంటిమీదికొస్తాడన్న భయంతో, ఆమెకు చెప్పకుండా తెల్లారుజామున బండికెత్తించింది నేను. ఊళ్ళో అడిగినోళ్ళకి మాత్రం 'తొందరపడ్డాం' అని చెప్పుకుంటూ వచ్చా. నష్టంలో ఆమెకు సగం వాటా ఇచ్చా, నిర్ణయంలో ఇవ్వలా.

"నేనేనమ్మా. అబ్రియా అని రాయి" అన్నా. కొట్టేసి మళ్ళీ రాసింది.

మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చి, "ఈసారన్నా అడుగు" అని లోపలికి పోయింది.

ఈ ఏడు కాయ ఇంకా కల్లంలోనే ఉంది. అమ్మడమా, ఏసీనా అనేది రేపు ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. మీ ఇళ్ళల్లో ఎట్టా తేలుస్తారో కింద రాయండి.