పాత పడవ బేరం

చీరల బేరం మీరు చేసే ఉంటారు. బంగారం బేరమూ చేసే ఉంటారు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడితో బేరం సంగతి సరేసరి. పడవ బేరం ఎప్పుడైనా చేశారా? నేను చేశాను! నవ్వకండి, చెబుతాను.

మాది దేవరకొండ. మావారు బడిలో సారుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన మగవాళ్ళు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. డబ్బాల మూతలు సరిగ్గా పెట్టలేదని పోపులపెట్టె దగ్గర నిలబడి పాఠం చెప్పే రకం. అలాంటి మనిషి ఒకనాడు టీ తాగుతూ "ఏమే, ఓ పాత మోటారు పడవ దొరుకుతుందంట, తీసుకుందామా?" అన్నారు.

పడవ ఎందుకంటారా? సెలవులకు పిల్లలు హైదరాబాదు నుంచి వస్తే మేమంతా వైజాగ్ కాలనీకి వెళ్తాం. పేరు విని సముద్రం పక్కన అనుకునేరు. మా నల్లగొండ జిల్లాలోనే, నేరేడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ వెనక నీళ్ళ ఒడ్డున ఉంది. విశాఖపట్నం వైపు నుంచి చేపలు పట్టుకోవడానికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఉండే ఊరు, అందుకే ఆ పేరు. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్ళు, ఒడ్డున వేడివేడి చేపల వేపుడు. ఆదివారమైతే అద్దె పడవ కోసం గంటలకొద్దీ ఎదురుచూడాలి. మనదే ఒకటి ఉంటే మనవలను ఎప్పుడంటే అప్పుడు తిప్పొచ్చని మావారి ఆశ.

నేను వెంటనే వద్దన్నాను. నా పుట్టిల్లు కొల్లాపూర్ వైపు. చిన్నప్పుడు పుట్టిలో కూర్చుని, అంచు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు దాటినదాన్నే. కానీ 2007 జనవరిలో కొల్లాపూర్ దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. సంక్రాంతి పిండివంటలు ఇంకా డబ్బాల్లో ఉన్నాయి. మా అమ్మ ఆ వారమంతా పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తూనే ఉంది. ఆ తరవాత నేను పడవ ఎక్కలేదు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగింది టీవీలో చూసి, ఇక జన్మలో ఎక్కనని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

కానీ మావారు వదిలే మనిషి కాదు. నెల రోజులు మూతి ముడుచుకుని తిరిగారు. చివరికి నేనే ఒక మెట్టు దిగి, "కొంటే నేను చూసి, నాకు నచ్చినదే కొనాలి. ఎంతమంది ఎక్కాలో కూడా నేనే చెప్పాలి" అన్నాను. "నీకేం తెలుసే పడవ గురించి?" అన్నారు. తెలియదు నిజమే. తెలుసుకోలేనా?

కాలనీలో ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ ఉంది. నాలుగు ఆదివారాలు ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ మొదటిమాటే "రంగు సూడకమ్మా, అడుగు సూడు" అంది.

మేం చూసిన మొదటి పడవ నెమలికంఠం రంగులో మెరిసిపోతోంది. మావారు అప్పటికే మురిసిపోయారు. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం కదా, ఫైబర్ పడవనూ అలాగే అడుగంతా కొట్టుకుంటూ పోవాలట. గట్టిగా ఖణఖణమంటే మంచిది. బొదబొదమంటే లోపల పొరలు విడిపోయినట్టో, నీళ్ళు పట్టినట్టో అర్థం. దీనికి ముందు సగం బాగానే పలికింది, వెనక మాత్రం తడిసిన అట్టపెట్టెలా ఉంది. ఇంజన్ తగిలించే వెనక పలకకు లోపల చెక్క ఉంటుంది. అది కుళ్ళితే బయటికి కనపడదు. ఇంజన్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆ పలక కదిలింది. అమ్మేవాడు నా ప్రశ్నలకు జవాబులన్నీ మావారికి చెప్పాడు! వచ్చేశాం.

రెండోది కాకినాడ నుంచి లారీలో తెచ్చింది. సముద్రంలో తిరిగిన పడవ. కోసుగా ఉన్న అడుగు, ఎత్తయిన ముక్కు. ఇలాంటివి అలను కోసుకుని పోతాయట. కానీ కోసు అడుగున్న పడవ నిలబడినప్పుడు పక్కలకు ఊగుతుంది, లోతు కూడా ఎక్కువ కావాలి. మన సాగర్ సంగతి చూడండి. నిండితే 590 అడుగులు, కొన్నేళ్ళు ఎండాకాలంలో 510 దాకా దిగిపోతుంది. అప్పుడు నీళ్ళు ఒడ్డు విడిచి ఎక్కడికో పోతాయి, మధ్యలో బండలు తేలతాయి. మనకు కాస్త చదునైన అడుగే మేలు, పిల్లలు దిగేందుకూ ఎక్కేందుకూ సులువు. అయితే గాలి లేచిందంటే అదే చదును అడుగు అలల మీద దబదబా కొడుతుంది, నడుములు విరుగుతాయి. అందుకని గాలి రోజున బయటికి తియ్యకూడదు. అయినా ఆ కాకినాడ పడవను వద్దన్నది అడుగు చూసి కాదు, ఇంజన్ చూసి. ఉప్పునీళ్ళలో నడిచాక మంచినీళ్ళతో కడగలేదేమో, మూత తీస్తే సందుసందునా తెల్లటి పొడి. ఉప్పు జాడీ మూతకు పట్టినట్టు.

ఇంజన్‌ను పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉందంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. నడుస్తున్నప్పుడు పక్క నుంచి సన్నటి ధారగా నీళ్ళు చిమ్మాలి. ఆ ధార లేకపోతే కాసేపటికి నీళ్ళు పొయ్యని కుక్కరులా మాడిపోతుంది. కింద గేర్ల పెట్టె నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీళ్ళు దిగుతున్నట్టే.

మూడోది చూస్తే ఏడుపొస్తుంది, అంత వెలిసిపోయింది. పదహారు అడుగులు. అడుగు మాత్రం కొత్త కుండలా పలికింది. చల్లటి ఇంజన్ రెండో లాగుడుకు అందుకుంది. కాగితాలు కూడా ఉన్నాయి. 2021 చట్టం వచ్చాక ఇంజన్ ఉన్న పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ అడుగుతున్నారు, కాగితాలు లేకుండా ఎంత చవకకిచ్చినా తీసుకోకండి. లక్షా డెబ్బై అన్నాడు, లక్షా యాభైకి దిగాడు. మిగిలిన ఇరవైలోంచి లైఫ్ జాకెట్లు కొనిపించాను, మనవలకు వాళ్ళ సైజువి. పిల్లలకు తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది పెద్దది, నీళ్ళలో తల్లోంచి జారిపోతుంది. ఇంకొకటి, ఇంజన్‌కు ఎర్రటి తాడు ఉంటుంది. నడిపే మనిషి దాన్ని చేతికి తగిలించుకోవాలి. ఆయన నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. మావారు దాన్ని అలంకారమనుకున్నారు!

పెట్రోలు ఖర్చు మాత్రం ముందే చెబుతున్నాను. పది హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి జోరుమీద పోతే గంటకు నాలుగు లీటర్ల పైమాటే.

దసరా సెలవులకు అందరూ వచ్చారు. మొత్తం తొమ్మిది మందిమి. మా పడవకు ఆరుగురు. "పిల్లలిద్దరూ కలిసి ఒక మనిషి బరువు కూడా ఉండరు, ఎక్కండి ఎక్కండి" అన్నారు మావారు. అబ్బాయి కూడా "ఏం కాదమ్మా, నీళ్ళు అద్దంలా ఉన్నాయి" అన్నాడు. నిజమే, అలా లేదు, గాలి లేదు. పండగపూట గొడవెందుకని కోడలు నా చెయ్యి పట్టుకుంది. నేను తాళ్ళు కట్టిన గట్టు మీదే నిలబడి, "తొమ్మిది మంది ఎక్కితే ఆ తాడు విప్పేది లేదు" అన్నాను. మావారికి కోపమొచ్చింది. మా అమ్మ పొయ్యి ముందు కూర్చున్న సంగతి ఆయనకు తెలుసు, అందుకే ఏమీ అనలేదు.

ఆరుగురు వెళ్ళారు. నేనూ, కోడలూ, చిన్న మనవడూ ఒడ్డున ఆగాం. పెద్దావిడ ఇచ్చిన కొర్రమీను ముక్కలకు కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి పొయ్యి వెలిగించాం. ఇంజన్ చప్పుడు కొండ వెనక్కి పోయి వినబడకుండా పోయింది. ముక్కలు తిప్పడం మరిచిపోయాను, ఒకవైపు నల్లబడ్డాయి. అరగంటకు మళ్ళీ చప్పుడు వినబడింది.

రెండో ట్రిప్పు మాది. జాకెట్ బక్కిల్ వెయ్యడం రాక తంటాలు పడుతుంటే మనవడే వేశాడు. ఒడ్డు దాటేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. "నానమ్మా, కొంగ!" అని వాడు అరిస్తే తెరిచాను.