క్లచ్ ప్లేట్లు – మా అపరాధం

తార్నాక దాటి రామంతాపూర్‌కు మరలి వస్తుండగా అబ్బాజాన్ బుల్లెట్‌కు బలం సన్నగిల్లింది. ఇంజను బిగ్గరగా అరుస్తున్నది గాని చక్రం ఆ మాట వినడం లేదు. హబ్సిగూడ నుండి నెట్టుకుంటూ ఇల్లు చేరాము. మరునాడు ఉదయమే ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలలో మా ఇద్దరికీ పరీక్ష. అంతకు మించిన భయం అబ్బాజాన్ ప్రశ్న.

లోపం మాదే. నాలుగు డబ్బులు మిగులుతాయని క్లచ్ పెట్టెలో కారు నూనె పోశాము. కొన్ని కారు నూనెలలో రాపిడిని తగ్గించే ద్రవ్యాలు కలుపుతారు. క్లచ్‌కు ప్రాణమే రాపిడి గదా!

ఫుట్‌రెస్ట్ తీసి, మూతకున్న ఒకే ఒక పెద్ద నట్టు విప్పాము. స్ప్రింగుల మరలు ఊడదీసి ప్లేట్లను వరుస తప్పకుండా పాత వార్తాపత్రికపై పరిచాము. కిరోసిన్‌తో తుడిస్తే చాలునన్నాడు మాలో చిన్నవాడు. కిరోసిన్ తానూ జిడ్డు మిగిల్చే వస్తువే. అమ్మీజాన్ స్టవ్‌ను లోపలికి తీసుకొని పోయిన పిమ్మట, పెరటిలో పెట్రోలుతో రెండుమార్లు కడిగాము. ఇనుప ప్లేట్ల నునుపును ఉప్పు కాగితంతో పోగొట్టాము. మరలన్నీ సమానంగా బిగించడానికే అర్ధరాత్రి అయింది. ఒకటి ఎక్కువైతే పళ్లెం వంకరగా లేస్తుంది. తగిన నూనె పోశాము.

తెల్లవారి బండి మొదటి గేరులోనే ముందుకు దూకింది. అబ్బాజాన్ మా చేతుల వాసన గమనించి, పెట్రోలుకు ఎంత ఖర్చయిందని మాత్రమే అడిగారు.