బంతి ఎవరి దగ్గరుంది: ఒర్లియంపేట లేఖలు

మొదటి లేఖ
ఒర్లియంపేట, పుదుచ్చేరి



పుదుచ్చేరి పాతపట్నానికి పడమటగా, కొత్త బస్టాండుకూ 1826లో ఫ్రెంచివారు నెలకొల్పిన వృక్షశాస్త్ర ఉద్యానవనానికీ చేరువలో ఉన్న పేట ఒర్లియంపేట. పట్నంలో పెద్ద ఆటల మైదానమైన ఇందిరాగాంధీ స్టేడియం ఇక్కడికి దగ్గరలోనే ఉప్పలంలో ఉంది. బస్టాండూ మైదానమూ ఇంత దగ్గరగా ఉన్న చోట ఈ లేఖలు రాస్తున్న యాత్రికుడి ఆలోచన ఎయిడ్స్ నివారణ మీదికి మళ్లడానికి కారణముంది. ముందు బస్టాండు సంగతి. ఇల్లు విడిచి దూరాలకు పనికి పోయే కూలీలనూ, రోజుల తరబడి రోడ్డు మీదే ఉండే లారీ డ్రైవర్లనూ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ‘వారధి జనాభా’ అని పిలుస్తుంది. జబ్బు ఎక్కువగా ఉన్న చోటికీ, ఏమీ ఎరుగని ఇంటికీ మధ్య వీరు తెలియకుండానే వంతెన అవుతారని ఆ మాటకు అర్థం. పేరు శాస్త్రానికి అవసరమే కావచ్చు గాని, అది మోసేది మనిషి కష్టాన్నే తప్ప తప్పును కాదని గుర్తుంచుకోవాలి.

మనదేశంలో హెచ్ఐవి మొదటిసారి బయటపడింది ఇక్కడికి నూటయాభై కిలోమీటర్ల దూరంలోని చెన్నైలోనే. 1986లో డాక్టర్ సునీతి సాలమన్ బృందం రక్తపరీక్షల ద్వారా దాన్ని గుర్తించింది. హెచ్ఐవి అంటే ఒంటికి రక్షణగా నిలిచే కణాలను క్రమంగా నాశనం చేసే వైరస్. ఏళ్ల తరబడి చికిత్స అందకపోతే, మామూలు మనిషి సులువుగా తట్టుకునే జబ్బులకు కూడా ఒళ్లు లొంగిపోయే చివరి దశకు ఎయిడ్స్ అని పేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల, వైరస్ ఉందని తేలిన రోజే బతుకు ముగిసిందని కుంగిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు.

రెండవ లేఖ
ఒర్లియంపేట

ఇక మైదానం సంగతి. హెచ్ఐవి గురించి ఇంట్లో మాట్లాడరు, బడిలో పాఠం వచ్చినా అయ్యవారు తలవంచుకుని పేజీ తిప్పేస్తారు. పద్నాలుగేళ్ల పిల్లవాడు సిగ్గుపడకుండా ప్రశ్న అడగగలిగే పెద్దమనిషి ఊళ్లో ఒక్కడైనా ఉన్నాడంటే, అది చాలాసార్లు అతనికి బంతి తన్నడం నేర్పిన కోచ్ మాత్రమే. ఈ చిన్న సంగతి మీదే జింబాబ్వేలోని బులవాయోలో 2002లో ‘గ్రాస్‌రూట్ సాకర్’ అనే సంస్థ పుట్టింది. దాని స్థాపకుల్లో ఒకరైన టామీ క్లార్క్ అంతకుముందు అదే ఊరి హైలాండర్స్ జట్టుకు ఆడి, సాటివారు ఎయిడ్స్‌తో రాలిపోతున్నా ఎవరూ నోరు విప్పకపోవడం చూసినవాడు.

ఆ సంస్థ నేర్పే ఆటల్లో ‘బంతిని కనిపెట్టు’ అనేది ఒకటి. రెండు జట్లు ఎదురెదురుగా భుజం భుజం ఆనించి నిలబడతాయి. ఒక జట్టు పిల్లలు వీపు వెనక ఒక చిన్న బంతిని చేతులు మారుస్తూ ఉంటే, అది ఎవరి దగ్గర ఆగిందో అవతలి జట్టు ముఖాలు చూసి చెప్పాలి. నవ్వేవాడి దగ్గర ఉందని ఒకరు, తల దించుకున్నవాడి దగ్గర ఉందని ఇంకొకరు అంటారు. తరచూ ఇద్దరూ పొరబడతారు. అప్పుడు కోచ్ ఆ బంతే హెచ్ఐవి అని చెప్పి, ముఖం చూసి ఎవరికి ఉందో చెప్పలేమనీ, పరీక్ష ఒక్కటే దారి అనీ వివరిస్తాడు. మరో ఆటలో నేల మీద నిలిపిన శంకువుల మధ్య నుంచి బంతిని నడిపించుకుపోవాలి. ఒక్కో శంకువు ఒక్కో ముప్పు: తాగుడు, వయసులో బాగా పెద్దవారితో సంబంధం, ఒకేసారి పలువురితో సంబంధం. బంతిని శంకువుకు తగిలించినవాడు మొదట తాను దండీలు తీస్తాడు, తరువాత అతని జట్టు తీస్తుంది, చివరకు అందరూ తీయాలి. ఒకరి అజాగ్రత్త ఊరంతటి మీద ఎలా పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి యాత్రికుడికి ఎక్కడా కనబడలేదు.

మైదానంలో ఇంకొక పాఠం నియమాల్లోనే ఉంది. రక్తం కారుతున్న ఆటగాడు అది ఆగేదాకా బయట ఉండాలన్నది ఫుట్‌బాల్ చట్టం. అందరికీ సమానంగా వర్తించే ఆ జాగ్రత్త చాలు కాబట్టి, వైరస్ ఉన్న పిల్లవాణ్ని జట్టు నుంచి తొలగించవలసిన పని లేదు. చెమట వల్ల, చేతులు కలపడం వల్ల, ఒకే సీసాలో నీళ్లు తాగడం వల్ల ఇది అంటదు.

మూడవ లేఖ
ఒర్లియంపేట, బయలుదేరే ముందు

ఇక ఆట తెచ్చే డబ్బు సంగతి. 2006లో బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్ తన చొక్కా మీద యునిసెఫ్ పేరు వేసుకుని, అందుకు డబ్బు తీసుకోవలసింది పోయి తానే ఏటా 15 లక్షల యూరోలు ఇవ్వడానికి ఒప్పుకుంది. మొదటి సాయం ఎయిడ్స్ బారిన పడిన స్వాజిలాండ్ పిల్లలకు చేరింది. 2009 చివర నైకీ సంస్థ అమ్మిన ఎర్ర బూటు లేసుల లాభంలో సగం ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాడే గ్లోబల్ ఫండ్‌కూ, సగం ఫుట్‌బాల్ ద్వారా అవగాహన పెంచే పనులకూ కేటాయించారు. ఇవి గొప్ప పనులే. అయినా విరాళం తెచ్చే ఆటకన్నా, పిల్లవాణ్ని పరీక్షా కేంద్రం దాకా నడిపించే ఆటే మిన్న. మనదేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులను, అంటే వైరస్ పెరగకుండా అణచిపెట్టే మాత్రలను, ఉచితంగా ఇస్తోంది. అవి క్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిచినవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదు. మందు ఉన్నా పరీక్షకు వెళ్లే ధైర్యం లేక పోతున్న ప్రాణాలను తలచుకుంటే మనసు ఊరుకోదు.

తెలుగునాట ఈ పనికి కావలసిన రెండు కాళ్లూ, చికిత్సా ఆటా, ఒకే సంస్థ కింద కలిసినది అనంతపురం ప్రాంతంలో. విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ బత్తలపల్లి ఆసుపత్రిలో హెచ్ఐవి రోగులకు చికిత్స చేస్తూనే, అనంతపురం మైదానాల్లో పల్లెపిల్లలకు, ఆడపిల్లలకు కూడా, ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాన్ని భారత జట్టుకు అందించిన శిక్షకుడు రహీం హైదరాబాదువాడని యానాంలోని తమ్ముడికి వేరే చెప్పనక్కరలేదు. ఫుట్‌బాల్ మనకు కొత్త ఆట కాదు.

యానాం మైదానంలో సాయంత్రాలు పిల్లలను ఆడిస్తున్న తమ్ముడికి ఈ లేఖతో పాటు యాత్రికుడు ఒక చిన్న రబ్బరు బంతి పంపుతున్నాడు. ‘బంతిని కనిపెట్టు’ ఆటకు అంతకన్నా మరేమీ అక్కరలేదు. ఆట ముగిశాక పిల్లలు 1097 అనే ఉచిత సహాయవాణి నంబరును ఎక్కడైనా రాసుకునేలా చూడాలి. పేరు చెప్పకుండానే ప్రశ్న అడగవచ్చని వాళ్లకు ముందే చెప్పాలి.