మా యింటి పాత డిష్

మలికిపురములో మా యింటి డాబాపై ఎనిమిదడుగుల వ్యాసముగల యినుప డిష్ యొకటి కలదు. 1990వ దశకమున మా పెదనాన్నగారు దీనితో చుట్టుపట్ల యిండ్లకు కేబులు ప్రసారముల నిచ్చుచుండెడివారు. 1996 నవంబరు 6వ తేదీ తుపానున కోనసీమ కొబ్బరితోటలు నేలగూలినప్పుడు దీని రెక్కలు రెండు వంగినవేగాని స్తంభము కదలలేదు. పిదప ఇంటింటికి చిన్న డిష్‌లు వచ్చెను; కేబులు పని నిలిచెను; పెదనాన్నగారి చూపు మందగించెను. డిష్ బట్టలారవేయు తాడు కట్టుటకు మాత్రము మిగిలెను.

గత దసరా సెలవులకు ముందు నాన్నగారు దానిని పాత యినుము కొనువానికి తూకమున నమ్మ నిశ్చయించిరి. పెదనాన్నగారు కాదనలేదు. ఆ రాత్రి అన్నము సగములో విడిచి లేచిరి. సెలవులు ముగియులోగా డిష్ పనిచేసిన యెడల అమ్మవలదని నేను నాన్నగారిని వేడుకొని యొప్పించితిని.

ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన రమారమి 36,000 కిలోమీటర్ల యెత్తున భూమితో సమముగా తిరుగుచు, మనకు నిలిచియున్నట్లు తోచును. అంత దూరమునుండి వచ్చు తరంగము మిక్కిలి బలహీనము. డిష్ దానిని ఒక్క బిందువున చేర్చును, అచ్చటనుండు ఎల్.ఎన్.బి. దానిని బలపరచి తీగెలోనికి పంపును. సీ-బ్యాండు తరంగపు నిడివి సుమారు 7.5 సెంటీమీటర్లు గనుక సన్నని కన్నులుగల తీగెవలయే దానికి అద్దమువలె పనిచేయును. 1975-76లో ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశముతో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు పాఠములు పంపినప్పుడును, కోళ్లగూళ్లకు వేయు వలతోనే పదియడుగుల డిష్‌లు చేసిరట! ఇది చదువగా నాకు ధైర్యము కలిగెను.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి మా డిష్ వల తుప్పుపట్టి చినిగియుండెను. వల మార్చవచ్చును, ఆకారము చెడినచో వ్యర్థము. అంచునుండి అంచునకు రెండు దారములు అడ్డముగా బిగించితిమి. అవి నడుమ ఒకదానినొకటి తాకవలెను, అంగుళమెడము కనబడెను. ఏ రెక్క వంగినదో మా కన్నులకు తెలియలేదు. పెదనాన్నగారు ఒక్కొక్క రెక్కపై అరచేయి నిమురుచు పోయి, రెండింటియొద్ద ఆగి, “ఇదీ, ఇదీ” అనిరి. కొయ్యసుత్తితో వానిని సరిచేయగా దారములు కలిసినవి.

తరువాత లెక్క. వ్యాసమును దానితోనే హెచ్చించి, లోతునకు పదునారు రెట్లతో భాగింపవలెను. వ్యాసము 96 అంగుళములు, లోతు 15, కావున ఎల్.ఎన్.బి. నడిమినుండి 38.4 అంగుళముల దూరమున నుండవలెను. పాత ఎల్.ఎన్.బి.లో కందిరీగలు గూడు పెట్టియుండెను. క్రొత్తది కొంటిమి. పూర్వపు అనలాగు పెట్టె డిజిటలు ప్రసారములను గ్రహింపజాలదు గనుక అదియు మార్చితిమి. ఈ వెచ్చముతో చిన్న డిష్‌లు రెండు వచ్చును. లాభమెంచువారీ పనికి దిగరాదు. అయినను జోరువానలో చిన్నది మూగవోవునప్పుడు సీ-బ్యాండు డిష్ సామాన్యముగా పలుకుచునే యుండును.

ఇక గురి. 2020లో ప్రయోగింపబడిన జీశాట్-30 తూర్పు రేఖాంశము 83 డిగ్రీల వద్ద నున్నది. మలికిపురమునకు అది దాదాపు నేరు దక్షిణమున, సుమారు 70 డిగ్రీల యెత్తున నుండును. సెప్టెంబరు చివర కొన్ని దినములు, మధ్యాహ్నమునకు కొంచెము ముందు, సూర్యుడు సరిగా దాని వెనుకగా పోవును. అప్పుడు కొద్ది నిమిషములు బొమ్మ చెడుటయు కలదు. పెదనాన్నగారు ఆ దోషమునే సాధనము గావించిరి. ఆ వేళ ఎల్.ఎన్.బి. నీడ డిష్ నడిబొడ్డున పడవలెనట.

“నీడ ఎక్కడుందిరా అబ్బాయ్?”

“రెండంగుళాలు పక్కకుందండి, పెదనాన్నగారూ.”

మరలు వదులుచేసి నీడను నడుమకు తెచ్చి బిగించితిమి. సాయంకాలము ఎల్.ఎన్.బి.ని మెల్లగా తిప్పగా టెలివిజనులో తెలుగు మాటలు వినవచ్చెను. పెదనాన్నగారు తల యొగ్గి విని, “ఇంకా రవ్వంత తిప్పు, గొంతు తెగుతోంది” అనిరి. తిప్పితిని. బొమ్మ నిలిచెను. నాన్నగారు అంతవరకు మెట్లపై నిలుచుండి, ఏమియు పలుకక క్రిందికి దిగిపోయిరి.

సోమవారము పాత యినుము కొనువాడు వచ్చెను. నాన్నగారు వానికి తుప్పుపట్టిన వలయు, పాత తీగెయు మాత్రమే తూచి యిచ్చిరి.