అప్పగింతకు ముందు

ఉద్యోగం మారుతున్నాను. పాత ఆఫీసు ల్యాప్‌టాప్ అప్పగించాలి. 2020 లాక్‌డౌన్‌లో బెజవాడ సత్యనారాయణపురంలోని మా మేడమీద గదికి కొరియర్‌లో వచ్చిందది.

విండోస్ పక్కన, ఆఫీసువాళ్లని అడిగి మరీ, ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వేసుకున్నాను. మెనూలు తెలుగులో కనిపించిన సరదా ఇంకా తీరలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఎప్పుడో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మనలో ఎంతమంది వాడారన్నది వేరే సంగతి!

ఇప్పుడు ఆ ఉబుంటును తీసెయ్యాలి. చాలామంది విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి లినక్స్ పార్టిషన్‌ను టక్కున చెరిపేస్తారు. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర, దానిమీద 'గ్రబ్ రెస్క్యూ'. ఏ సిస్టమ్ కావాలని అడిగే ఆ గ్రబ్, తనకు కావలసిన ఫైళ్లను చెరిపేసిన చోటే వెతుక్కుంటుంది మరి. అందుకే ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటి వరసకు తెచ్చి, ఆ తర్వాతే చెరపాలి. విండోస్ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ దగ్గరుంచుకోవాలి, బూట్ వరస మారితే అడగొచ్చు. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉబుంటు ఫోల్డరు మిగిలిపోతుంది, అదీ తీసెయ్యాలి.

డెల్టాలో కౌలు రైతు కోతలయ్యాక మోటారు, పైపులు పట్టుకుపోయినా వరి మోళ్లు చేలోనే ఉంటాయి. పార్టిషన్ చెరపడమూ అంతే. పట్టికలో పేరు పోతుంది, ఫొటోలూ పాస్‌వర్డులూ డిస్కులో ఉండిపోవచ్చు. అవి పోవాలంటే డిస్కు మొత్తం తుడవడం ఒక దారి. అలా తుడిస్తే విండోసూ పోతుంది కాబట్టి ముందు ఐటీ వాళ్లని ఒక మాట అడగండి.